పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ మెసేజ్‌లు: ఒక రాత్రి డ్యూటీ డీబీఏ రివ్యూ

డేటాబేస్ మీద రివ్యూ అంటే అందరూ స్పీడు గురించే రాస్తారు. సెకనుకి ఎన్ని ట్రాన్సాక్షన్లు, ఎంత ర్యామ్ మింగుతుంది, క్లౌడ్‌లో నెలకి బిల్లెంత. నేను రాయబోయేది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ పడిపోయినప్పుడు ఏమంటుందనే దాని గురించి. పన్నెండేళ్లుగా డీబీఏ పని, అంటే డేటాబేస్‌లకి కాపలా, చేస్తున్నాను, అందులో సగం రాత్రి డ్యూటీలే. అది బాగా నడిచినన్నాళ్లు దాని మొహం నేను చూడను, నా మొహం అది చూడదు. పాడైనప్పుడే ఇద్దరికీ మాటలు. కాబట్టి అది ఎలా మాట్లాడుతుందనేదే నా వరకు మైలేజీ.

పోయిన కార్తీకంలో ఒక రాత్రి రెండూ పదికి ఫోన్ మోగింది. ఒక హోల్‌సేల్ కిరాణా వాళ్ల గోడౌన్ నుంచి. తెల్లారేలోపు లారీలు బయల్దేరాలి, ఇన్‌వాయిస్ కొడితేగానీ గేటు దాటవు. సూపర్‌వైజర్ గారు స్క్రీన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. ఎర్రటి డబ్బాలో "అన్‌నోన్ ఎర్రర్ అక్కర్డ్!! ప్లీజ్ కాంటాక్ట్ యువర్ అడ్మినిస్ట్రేటర్" అని ఉంది. "మేడమ్, ఈ అడ్మినిస్ట్రేటర్ నంబరు మీ దగ్గర ఉందా?" అని అడిగారాయన. ఆ అడ్మినిస్ట్రేటర్‌ని నేనే.

ఆ అప్లికేషన్ ఏడేళ్లలో నాలుగు టీముల చేతులు మారింది. లాగ్ (జరిగినదంతా ప్రోగ్రాము రాసుకునే ఫైలు) తెరిస్తే నాలుగు గొంతులూ వినిపిస్తాయి. ఒక లైన్ "డీబీ ఫెయిల్". దాని కింద "సేవ్ ఇన్‌వాయిస్: నల్". దాని కింద "ఎర్రర్ కోడ్ -1". ఇంకోచోట ఎవరో "షుడ్ నాట్ కమ్ హియర్" అని రాసిపెట్టారు. వచ్చేశాం మరి, ఇప్పుడేం చేయమంటారు?

అప్పుడు పోస్ట్‌గ్రెస్ లాగ్ తెరిచాను. చివర్లో ఒకే ఒక్క లైన్:

పానిక్: కుడ్ నాట్ రైట్ టు ఫైల్ "పీజీ_వాల్/ఎక్స్‌లాగ్‌టెంప్...": నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్

సగం నిద్రలో ఉన్న బుర్రకి కూడా ఇది ఎక్కుతుంది. ముందు తీవ్రత ఎంతో చెప్పింది. తర్వాత తను ఏం చేయబోయిందో, ఏ ఫైలు మీద చేయబోయిందో చెప్పింది. ఫైలు పేరుకి అటూ ఇటూ కోట్స్ పెట్టింది. కోలన్ తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన కారణాన్ని ఉన్నదున్నట్టు పెట్టింది. డిస్కు నిండింది, అంతే. ఎందుకు నిండిందో పావుగంటలో తేలింది. స్టాండ్‌బై సర్వర్ (అసలుది పడిపోతే ఆదుకునే నకలు) ఒకటి మూడు వారాలుగా ఆగిపోయి ఉంది, ఎవరూ చూడలేదు. దాని రెప్లికేషన్ స్లాట్ (ఆ నకలు ఎంతవరకు తీసుకుందో పెట్టుకున్న గుర్తు) మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ స్టాండ్‌బై ఎప్పటికైనా వచ్చి అడుగుతుందేమోనని వాల్ ఫైళ్లన్నీ (ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే చిట్టాలు) పోస్ట్‌గ్రెస్ దాచిపెడుతూ వచ్చింది. దీనికి హద్దు పెట్టే సెట్టింగ్ 13వ వెర్షన్‌లో వచ్చింది గానీ, మనం పెడితేనే హద్దు. మేం పెట్టలేదు.

నాతో డ్యూటీలో ఉన్న కుర్రాడు కంగారుపడి, "అక్కా, పీజీ వాల్ ఫోల్డర్లో పాత ఫైళ్లు కొన్ని తీసేయనా? చోటొస్తుంది" అన్నాడు. "ముందు కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి నాయనా" అన్నాను. వాల్ ఫైళ్లు చేత్తో తీస్తే డిస్కుతో పాటు డేటాబేస్ కూడా ఖాళీ అవుతుంది. డిస్కు సైజు పెంచాం, సర్వర్ లేచాక ఆ స్లాట్ తీసేశాం. మూడున్నరకి మొదటి లారీ కదిలింది.

ఆ తర్వాత టీ పెట్టుకుని కూర్చున్నప్పుడు మావాడు అడిగిన ప్రశ్నే ఈ రివ్యూకి మూలం. "అక్కా, అది 'కుడ్ నాట్ రైట్' అంది కదా. 'కెనాట్ రైట్' అని ఎందుకనలేదు? రెండూ ఒకటేగా?"

కాదు. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో, కోడ్ రాసేవాళ్ల కోసం పెట్టిన భాగంలో, ఎర్రర్ మెసేజ్ స్టైల్ గైడ్ అని ఒకటుంది. ఓపిగ్గా చదివితే అరగంట పని. దాంట్లో ఈ రెండు మాటలకీ తేడా చెప్పి మరీ పెట్టారు. ప్రయత్నించాను, ఈసారి కుదరలేదు, అడ్డం తొలగిస్తే మళ్లీ కుదరొచ్చు అనుకుంటే 'కుడ్ నాట్'. ఎన్నిసార్లు అడిగినా ఇది అయ్యే పని కాదంటే 'కెనాట్'. మనకిది కొత్తా? "బస్సు దొరకలేదు" అంటే ఇంకో అరగంట స్టాండులో నిలబడతాం. "ఆ ఊరికి బస్సు లేదు" అంటే ఆటో మాట్లాడుకుంటాం. రెండూ కలిపేసి "బస్సు ఎర్రర్" అన్నవాణ్ణి ఏమంటాం?

లాగ్‌లో 'కుడ్ నాట్' కనబడితే నేను బయట వెతుకుతాను: డిస్కు, నెట్‌వర్క్, పర్మిషన్. 'కెనాట్' కనబడితే క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) రాసినవాడి వైపు తిరుగుతాను. ఇన్నేళ్లలో ఈ ఒక్క తేడా నాకు మిగిల్చిన నిద్ర అంతా ఇంతా కాదు. అయితే ఇది పనిచేయాలంటే వేలకొద్దీ మెసేజ్‌లలో ప్రతి ఒక్కరూ ఆ మాట పాటించాలి. ఒక పదిమంది తమకి తోచినట్టు వాడేస్తే ఆ తేడాని ఇక నమ్మలేం.

ఆ గైడ్‌లో నాకు నచ్చినవి ఇంకొన్ని ఉన్నాయి. 'ఇల్లీగల్' అనే మాట వాడొద్దన్నారు, అది చట్టాన్ని మీరినప్పటి మాట కాబట్టి. నెల గడిలో 13 అని కొట్టినవాడు నేరం చేయలేదు కదా, 'ఇన్‌వాలిడ్' అంటే చాలు. ఎందుకు ఇన్‌వాలిడ్డో చెప్తే ఇంకా మంచిది. 'బ్యాడ్' వద్దు, అది ఏమీ చెప్పదు. 'అన్‌నోన్' కూడా వీలైనంత వరకు వద్దు. 'గుర్తించలేకపోయాను' అని చెప్పి, గుర్తించలేనిది ఏమిటో కూడా చూపించాలట. 'నాన్ నెగెటివ్' అనొద్దు, సున్నా ఒప్పుకుంటారా లేదా అని చదివేవాడికి సందేహం వస్తుంది, తేలిగ్గా 'సున్నా కంటే ఎక్కువ' అనో 'సున్నా లేదా అంతకంటే ఎక్కువ' అనో చెప్పండి. ఇది చదివినప్పుడు మా ఇంజనీరింగ్ లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. ఆయనా ఇదే పేచీ పెట్టేవారు.

ఇక విరామచిహ్నాల సంగతి. అసలు మెసేజ్ మొదటి అక్షరం చిన్నదే ఉండాలి, చివర ఫుల్‌స్టాప్ ఉండకూడదు. ఆశ్చర్యార్థకం సంగతికొస్తే, పెట్టే ఆలోచన కూడా మనసులోకి రానివ్వొద్దన్నట్టు రాశారు. అంత పొడి డాక్యుమెంటేషన్‌లో ఈ ఒక్క లైన్ దగ్గర నేను గట్టిగా నవ్వాను. కింద వచ్చే డీటెయిల్, హింట్ మాత్రం పూర్తి వాక్యాలుగా, పెద్ద అక్షరంతో మొదలై ఫుల్‌స్టాప్‌తో ముగియాలి. మన లిపిలో పెద్దక్షరం చిన్నక్షరం గొడవే లేదు కాబట్టి మొదట్లో ఇదంతా చాదస్తం అనిపించింది. కారణం తెలిశాక అనిపించలేదు. అసలు మెసేజ్‌ని వేరే ప్రోగ్రాములు తమ వాక్యాల మధ్యలో ఇరికించుకుంటాయి. చుక్కా పెద్దక్షరమూ ఉంటే అక్కడ పంటికింద రాయిలా తగులుతాయి.

ఇలా అసలు మాట, వివరం, సలహా అని మూడుగా విడదీయడం 2003లో 7.4 వెర్షన్‌తో వచ్చింది. దగ్గర్నుంచి చూడాలంటే రోజూ కనబడే ఒకదాన్ని తీసుకోండి. ఒకే ఫోన్ నంబరుతో రెండో కస్టమర్‌ని ఎక్కించబోతే ఇలా వస్తుంది:

ఎర్రర్: డూప్లికేట్ కీ వాల్యూ వయొలేట్స్ యూనిక్ కన్‌స్ట్రెయింట్ "కస్టమర్స్_ఫోన్_కీ"
డీటెయిల్: కీ (ఫోన్)=(...) ఆల్రెడీ ఎగ్జిస్ట్స్.

పై లైన్‌లో రూల్ పేరుంది, కింది లైన్‌లో ఆ రూల్‌కి తగిలిన విలువ ఉంది. చుక్కలు పెట్టినచోట నిజంగా కస్టమర్ నంబరే ఉంటుంది, నేను ఇక్కడ కప్పాను. ఇది వరమూ, ప్రమాదమూ కూడా. మా గోడౌన్ అప్లికేషన్ ఒకప్పుడు ఈ రెండు లైన్లూ కలిపి స్క్రీన్ మీద పడేసేది, అంటే ఆ స్క్రీన్ ఫోటో ఎవరికి పంపినా కస్టమర్ నంబరు కూడా వాళ్లకి వెళ్లిపోయేది. పైది చూపించి కిందిది లాగ్‌లో ఉంచుకోవడమే పద్ధతి. లాగ్‌లో కూడా వద్దనుకుంటే వెర్బోసిటీని (ఎంత వివరంగా రాయాలన్న సెట్టింగ్‌ని) క్లుప్తమని అర్థమొచ్చే టర్స్‌కి మార్చుకోవచ్చు, డీటెయిల్ రాదు. మూడూ ఒకే ముద్దగా ఉంటే ఈ వీలు ఉండేది కాదు.

కాలమ్ పేరు తప్పు కొడితే "బహుశా ఫలానా కాలమ్ అనుకున్నారేమో" అని హింట్ ఇస్తుంది. గమనించండి, 'బహుశా'. తెలియనిది తెలిసినట్టు చెప్పదు. ఫారిన్ కీ (ఈ విలువ ఇంకో టేబుల్‌లో ఉండి తీరాలన్న రూల్) తప్పితే ఆ విలువ ఏ టేబుల్‌లో లేదో పేరుతో సహా చెప్తుంది. డెడ్‌లాక్ (ఒకరి కోసం ఒకరు ఆగి ఎవరూ కదలకపోవడం) అయితే ఏ ప్రాసెస్ ఎవరి కోసం ఆగిందో వరస పెట్టి చెప్పి, క్వెరీల కోసం సర్వర్ లాగ్ చూసుకోమంటుంది.

వేరేవాటితో పోలిక పెట్టకపోతే రివ్యూ అనిపించుకోదు కాబట్టి కొంచెం. మైఎస్‌క్యూఎల్ సింటాక్స్ తప్పుకి ఇచ్చే 1064 నంబరు మెసేజ్ తెలియని డెవలపర్ ఉండడు. "మీ ఎస్‌క్యూఎల్‌లో తప్పుంది, మీ వెర్షన్ మాన్యువల్ చూసుకోండి" అని మర్యాదగానే లైబ్రరీకి పంపిస్తుంది. డిస్కు నిండితే ఏళ్ల తరబడి "గాట్ ఎర్రర్ 28 ఫ్రమ్ స్టోరేజ్ ఇంజిన్" అనేది. లినక్స్‌లో 28 అంటే డిస్కులో చోటు లేదని. ఆ నంబరుకి అర్థం చెప్పడానికి పెర్రర్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ కూడా ఇచ్చారు. తర్వాతి వెర్షన్లలో నంబరు పక్కనే కారణం చేర్చారు, మంచిదే. ఒరాకిల్ నంబర్లు ఎంత పేరున్నవో చెప్పక్కర్లేదు. 942 అంటే టేబుల్ లేదా వ్యూ లేదని. ఏ టేబుల్ అన్నది మాత్రం చాలాకాలం మనమే క్వెరీలో వెతుక్కోవలసి వచ్చేది. ఈ రెండూ గొప్ప డేటాబేస్‌లే, వాటి మీదా అన్నం తిన్నాను. మాట తీరు మాత్రం వేరు.

నంబర్ల మాట వచ్చింది కాబట్టి నా తప్పొకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట లాగ్‌ల మీద ఒక అలర్ట్ స్క్రిప్ట్ రాశాను. అంకె రావాల్సిన చోట అక్షరాలొస్తే పోస్ట్‌గ్రెస్ పాత వెర్షన్లు "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్ సింటాక్స్ ఫర్ ఇంటిజర్" అనేవి. నేను ఆ వాక్యాన్నే వెతికేలా రాశాను. తర్వాత వాళ్లు అన్ని రకాలకీ ఒకే వాక్యం ఉండాలని "ఫర్ టైప్ ఇంటిజర్" అని మార్చారు. అప్‌గ్రేడ్ చేసిన రోజు నుంచి నా అలర్ట్ మూగదైపోయింది, రెండు నెలలకిగానీ నాకు తెలియలేదు. వాళ్లు పద్ధతి సరిచేస్తే నా పద్ధతిలో లోపం బయటపడింది. మెసేజ్ మనిషి కోసం, ప్రోగ్రాముకి కోడ్ ఉంది. ప్రతి ఎర్రర్‌కీ ఐదక్షరాల ఎస్‌క్యూఎల్ స్టేట్ ఉంటుంది: డూప్లికేట్ కీ 23505, ఫారిన్ కీ 23503. మొదటి రెండు అక్షరాలు కులం చెప్తాయి. 53తో మొదలైతే వనరులు చాలలేదని: 53100 డిస్కు, 53200 మెమరీ, 53300 కనెక్షన్లు. ఇప్పుడు నా స్క్రిప్టులన్నీ వీటినే చూస్తాయి.

ఆ 53300 దగ్గరే పోస్ట్‌గ్రెస్ తన పద్ధతి తనే తప్పుతుంది. కనెక్షన్లు నిండిపోతే వచ్చే మెసేజ్ "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ". అంత కట్టుదిట్టమైన ఇంట్లో ఎవరో పాత పెద్దాయన గుమ్మంలో నిలబడి "ఏమనుకోకండమ్మా, లోపల చోటు లేదు" అన్నట్టుంటుంది. గైడ్ ప్రకారం ఆ సారీకి చోటు లేదు. తీసేస్తే మాత్రం నేను బాధపడతాను.

బాధపడనివి, తిట్టుకునేవి కూడా ఉన్నాయి. మొదటిది: "వాల్యూ టూ లాంగ్ ఫర్ టైప్ క్యారెక్టర్ వేరీయింగ్(50)". ఏ కాలమ్ బాబూ? టేబుల్‌లో యాభై అక్షరాల కాలమ్‌లు పన్నెండున్నాయి. డూప్లికేట్ కీకి విలువతో సహా పూసగుచ్చినట్టు చెప్పినదే ఇక్కడ కాలమ్ పేరు కూడా చెప్పదు. లోపల టైపు మార్చే చోట ఏ కాలమ్ కోసమో దానికి తెలియకపోవడమే కారణమని నాకు అర్థమవుతుంది. ఆరువందల వరసల ఫైలు ఎక్కిస్తూ కూర్చున్న గుమాస్తాకి ఆ కారణంతో పనేముంది? రెండోది: ఒక ట్రాన్సాక్షన్‌లో (ఒకే మూటగా నడిచే కమాండ్లలో) ఏదో ఒకటి తప్పాక, తర్వాత ఏం కొట్టినా "కరెంట్ ట్రాన్సాక్షన్ ఈజ్ అబార్టెడ్, కమాండ్స్ ఇగ్నోర్డ్..." అనే పాటే. అసలు తప్పు ఎక్కడో పైనుంటుంది, కొత్తవాళ్లు ఈ కింది లైన్‌ని పట్టుకుని గంటలు కొట్టుకుంటారు. మూడోది సింటాక్స్ ఎర్రర్: కామా మర్చిపోతే వేలు ఆ తర్వాతి పదం మీద పెడుతుంది. దానికి అలవాటు పడిపోయాను, ఇప్పుడు చూపించిన పదానికి ముందున్నది చూస్తాను.

తెలుగువాళ్లకి ఇందులో పనికొచ్చేది ఒకటుంది. పోస్ట్‌గ్రెస్ మెసేజ్‌లు చాలా భాషల్లోకి అనువాదం అవుతాయి, అందుకని కోడ్‌లో వాక్యాన్ని ముక్కలుగా అతికించొద్దని వాళ్ల నియమం. ఇంగ్లిష్‌లో ఫైల్ పక్కన 'స్' తగిలిస్తే బహువచనం అయిపోతుంది. మనకి "ఒక ఫైలు కాపీ అయింది", "ఐదు ఫైళ్లు కాపీ అయ్యాయి". పేరూ మారుతుంది, క్రియా మారుతుంది. మా గోడౌన్ వాళ్లు హమాలీ మేస్త్రీలకి అర్థమయ్యేలా మెసేజ్‌లు తెలుగులో కావాలన్నారు. పాత కోడ్‌లో అవి మూడు ముక్కలు: పేరు, మధ్యలో 'నాట్ ఫౌండ్ ఇన్', చివర టేబుల్ పేరు. ఎవరో ముక్కకి ముక్క తెలుగు పెట్టారు. స్క్రీన్ మీద "సరుకు కనబడలేదు లో ఆర్డర్లు" అని వచ్చింది. మేస్త్రీ గారు దాన్ని చూసి, "ఇది ఏ ఊరి తెలుగమ్మా?" అన్నారు.

ఆ మాట పడ్డాక నేనూ మావాడూ కూర్చుని ఆ అప్లికేషన్ మెసేజ్‌లన్నీ ఒక ఎక్సెల్‌లోకి దించాం. కస్టమర్ లేడని చెప్పడానికే ఆరు రకాల వాక్యాలు దొరికాయి, అందులో రెండింటికి ఆశ్చర్యార్థకాలు జంటగా. వాటన్నిటినీ పోస్ట్‌గ్రెస్ అచ్చులో పోశాం. పై లైన్‌లో ఏం కాలేదో, కింద ఎందుకో, దాని కింద ఇప్పుడేం చేయాలో. మళ్లీ ప్రయత్నిస్తే అయ్యేదానికి "కాలేదు", ఎప్పటికీ కానిదానికి "కుదరదు". 'అన్‌నోన్' అన్న మాట పూర్తిగా తీసేశాం. రెండు శనివారాలు పట్టింది. పైసా ఖర్చు లేదు, ఆ గైడ్‌ లాగే పోస్ట్‌గ్రెస్ కూడా ఉచితమే.

స్టార్లు ఇవ్వాలంటే ఐదుకి నాలుగున్నర. ఆ అర వార్‌చార్ (క్యారెక్టర్ వేరీయింగ్) కాలమ్ పేరు చెప్పనందుకు కోశాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక చిట్కా: పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే కమాండ్ ప్రోగ్రాము పీఎస్‌క్యూఎల్‌లో ఎర్రర్ వచ్చిన వెంటనే, ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి 'ఎర్‌వెర్బోస్' కమాండ్ కొట్టండి, అదే ఎర్రర్‌ని కోడ్‌తో సహా, సోర్స్‌లో ఏ ఫైలు ఏ లైన్ నుంచి వచ్చిందో కూడా చూపిస్తుంది.

మొన్న అర్ధరాత్రి గోడౌన్ దగ్గర నెట్ ఊగిసలాడిందట. నాకు ఫోన్ రాలేదు. పొద్దున లేచి చూస్తే సూపర్‌వైజర్ గారి మెసేజ్ ఉంది: "మేడమ్, రాత్రి ఒకసారి ఇన్‌వాయిస్ సేవ్ కాలేదంది. కుదరదు అనలేదు కదా అని పది నిమిషాలాగి మళ్లీ నొక్కాను. అయింది. లారీలు వెళ్లిపోయాయి."